పిండి కింద పెట్టిన ఉత్తరం

జాఫా
1933 జూలై 9

రెండు వైపుల నుంచీ నాకు వదినవయిన బదియాకు, రస్మియ్యా సలాములు.

నువ్వూ, పాప హుస్నా, మా అమ్మ, అన్నయ్య బాగున్నారని తలుస్తాను. ఉత్తరం రాయమని మూడుసార్లు కబురు పెట్టావు. నేను చదివింది మసీదు బడిలో నాలుగేళ్లు. అక్షరాలు వస్తాయి గానీ ఏం రాయాలో తోచదు. మీ అమ్మ పక్కన కూర్చుని, "రాయవే, అంత సిగ్గేమిటి? అది నీ వదినే గానీ జిల్లా దొర కాదు" అంటోంది. అందుకని రాస్తున్నాను.

మన కుండమార్పిడి పెళ్లిళ్లు జరిగి ఏడాదిన్నర దాటింది. మా అన్నయ్యకి నువ్వు, మీ అన్నయ్యకి నేను; నువ్వు మా పల్లెకి, నేను మీ రేవుకి. నువ్వు అక్కడ ఆవు పాలు పితుకుతున్నావట. నాకు మాత్రం ఇంకా చేపని చేత్తో పట్టుకోవడం రాదు. అది చచ్చిపోయి కూడా నన్నే చూస్తున్నట్టుంటుంది. నా పెళ్లిపెట్టెని నువ్వు కూర్చునే కిటికీ కింద పెట్టాను. మూత తీస్తే ఇప్పటికీ మన ఇంటి సబ్బు వాసన వస్తుంది. ఎవరూ లేనప్పుడు తీసి, వాసన చూసి, మూసేస్తాను. నవ్వకు.

నిన్న బట్టలు ఆరేయడానికి మేడెక్కాను. రాళ్లకి భయపడి ఓడ దూరంగానే ఆగుతుంది కదా, అక్కణ్ణుంచి పడవలు వస్తున్నాయి. అన్నిటికంటే ముందున్నది మీ అన్నయ్య పడవ. నీలం చార చూసి గుర్తుపట్టాను. నిండా మనుషులు. జూలై ఎండలో ఉన్ని కోట్లు వేసుకున్నారు. మీ అన్నయ్య ఒక్కొక్కరినీ చెయ్యిచ్చి మెట్ల మీదికి ఎక్కించాడు. ఒక ముసలామెనయితే ఎత్తుకునే దించాడు.

"వాళ్లెవరత్తా?" అని అడిగాను.

"యూదులే తల్లీ. యూరప్ నుంచి వస్తున్నారు. ఈ ఏడు ఏ ఓడ చూసినా వాళ్లే" అంది మీ అమ్మ, వంకాయలు తరుగుతూ.

ఈ ముక్క అన్నయ్యకి చదివి వినిపించకు. తన బావ కమలాపళ్ల పెట్టెలు మోస్తాడనే అన్నయ్య నమ్మకం. మొన్నటిదాకా నాదీ అదే.

మన వైపు పొలాల్లో గొలుసులు పట్టుకుని ఎవరో కొలుస్తున్నారని రేవులో అనుకుంటున్నారు. అది మన ఊరేనా? నిజం రాయి.

నీ వదిన,
రస్మియ్యా

*

ఖిర్బత్ జమ్మేజ్
జూలై 21

సిగ్గులమ్మకి బదియా రాసేది.

జూలైలో కమలాపళ్లు ఏ చెట్టుకి కాస్తాయే? నీకు తట్టలేదు, పొలం పనిలో పుట్టిన మీ అన్నకీ తట్టలేదు. మీ ఇంటి బుర్రలన్నీ ఒకే పొయ్యిలో కాల్చారు.

నీ ఉత్తరం మీ అన్నకి చదివాను. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి, "ఇప్పుడు సిమెంటు దించుతున్నాడట" అన్నాను.

"సిమెంటు ఎందుకు?"

"ఇళ్లకి."

"ఎవరి ఇళ్లకి?"

పాపని గిల్లాను. అది కెవ్వుమంది. మాట మారిపోయింది. ఇలా ఎన్నిసార్లు గిల్లమంటావు? పిల్ల తొడ కమిలిపోతుంది.

నిజం రాయమన్నావు. రాస్తున్నాను, విను. కొలిచింది మన ఊరే. నువ్వుల చేలో ఎర్రటి తెల్లటి కర్రలు పాతారు. మీ అన్న వెళ్లి పీకేస్తే పక్కరోజు పోలీసుతో వచ్చి మళ్లీ పాతారు. మీ తాత దున్నాడు, మీ నాన్న దున్నాడు, మీ అన్న దున్నుతున్నాడు. నేల మాత్రం దున్నినవాడిది కాదట, కాగితం ఉన్నవాడిదట. ఆ కాగితం ఉన్నవాడు బేరూత్‌లో ఉంటాడు. మన ఊరికి దారి ఎటో కూడా వాడికి తెలియదు. అమ్మేశాడు. కొన్నది వలస వచ్చేవాళ్ల కోసం పొలాలు కొనే సంఘం. ఇంగ్లీషువాడు ముద్ర కొట్టాడు.

కోర్టు కాగితం తలుపుకి అంటించి పోయారు. చదవగలిగేది నేనొక్కదాన్నే గనక ఊరంతా మా గుమ్మం ముందుకి వచ్చింది. కోతలయ్యాక ఖాళీ చెయ్యాలట. రస్మియ్యా, నీ ఉత్తరాలు మార్చి చదివాను గానీ దాన్ని మార్చి చదవలేకపోయాను. గిల్లడానికి సరిపడా పిల్లలు ఊళ్లో లేరు.

నేను సముద్రం పిల్లని. ఈ ఊరు వచ్చిన కొత్తలో పేడ వాసనకి ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఈ మట్టి నా గోళ్లలో ఉంది. దాన్ని లాక్కుపోయేవాళ్లని నా తోడబుట్టినవాడే చెయ్యిచ్చి ఒడ్డుకి దింపుతున్నాడు! వాళ్లు అక్కడ మెట్లెక్కుతారు, అక్కడే లారీ ఎక్కుతారు, తిన్నగా నా పొయ్యి మీదికి వస్తారు. నీ మొగుడు ఖమీస్‌ని అడుగు. నాకు బదులు నువ్వే అడుగు. నోరుందిగా నీకు?

బదియా

*

జాఫా
ఆగస్టు 13

బదియా వదినకి,

అడిగాను. ఎలా అడిగానో రాస్తాను, నువ్వు నవ్వినా సరే.

ముందు మాట్లాడటం మానేశాను. నాలుగు రోజులయినా ఆయన గమనించలేదు. చివరికి మీ అమ్మే చెప్పింది.

"అది అలిగిందిరా."

"ఎప్పట్నుంచి?"

"ఆదివారం నుంచి."

"తేడా ఏముందమ్మా?" అన్నాడు.

దాంతో నాకు ఒళ్లు మండి, "మీ పడవలో వచ్చేవాళ్లు మా పొలంలోకి వెళ్తున్నారు" అన్నాను. ఆయన తింటున్న రొట్టె కింద పెట్టాడు.

"ఓడ లంగరేస్తే పడవ వెళ్తుంది రస్మియ్యా. మా నాన్న కాలంలో హజ్ యాత్రికుల్ని దించాం, తర్వాత సైనికుల్ని దించాం. దిగేవాడు ఎటు పోతాడని మేం అడగం. వాళ్ల పాస్‌పోర్టు చూసి ముద్ర కొట్టే దొర ఒడ్డున కుర్చీలో కూర్చుంటాడు. వాణ్ణి అడుగు."

"నేను వాణ్ణి పెళ్లాడలేదు" అన్నాను.

అని, వంటింట్లోకి పారిపోయాను.

సాయంత్రం ఆయనే వచ్చి గడప మీద కూర్చుని చెప్పాడు. "మొన్న ఒకామె దిగింది. జర్మనీ నుంచట. నా చొక్కా మీద వాంతి చేసుకుంది. చంకలో కుట్టుమిషన్ తల, గుడ్డలో చుట్టుకుని. బరువు, ఇలా ఇమ్మంటే ఇవ్వదు. అక్కడ వాళ్ల కొట్టు పగలగొట్టి, ఆమె మొగుణ్ణి వీధిలో కొట్టారట. ఏం చెయ్యమంటావు? నీళ్లలో వదిలేసి రానా?"

ఆమె మీద జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఆమె కొట్టు పగలగొట్టినవాడి ఇల్లు ఆమెకి ఇప్పించొచ్చుగా? అది ఎవరికీ తోచదేం? అంత పెద్ద లోకంలో దొరలకి మా అన్నయ్య నువ్వుల చేనే కనపడిందా?

ఆయన మాత్రం మర్నాడు మళ్లీ పడవెక్కాడు.

హుస్నాని గిల్లకు. పోనీ, సున్నితంగా గిల్లు.

రస్మియ్యా

*

రోడ్డు పక్క గుడారం
సెప్టెంబరు 24

జాలిగుండె రస్మియ్యాకి,

నీకు కుట్టుమిషన్ ఆమె మీద జాలేసిందా? సంతోషం. కొంచెం మిగిలితే ఇటు పంపు. పై చిరునామా చూశావుగా, ఊరి పేరు లేదు. ఊరు ఉంటేగా.

మంగళవారం పొద్దున వచ్చారు. గుర్రాల మీద పోలీసులు, వెనకాల గడ్డపారలతో కూలీలు. మీ అమ్మ రొట్టెల పొయ్యి ముందు కూర్చుని లేవనంది. నలుగురు కలిసి పీటతో సహా ఎత్తి బయట పెట్టారు. పొయ్యిలో రొట్టె మాడిపోయింది. నా పెళ్లిపెట్టెని ఇద్దరు పట్టుకుని గుమ్మంలోంచి విసిరారు. మూత రెండు ముక్కలు. మీ అన్న ఒకణ్ణి కొట్టాడు, పదిమంది చేత తిన్నాడు. ఎడమ కన్ను ఇప్పటికీ తెరుచుకోలేదు.

ఇప్పుడు వాగు పక్కన పదకొండు గుడారాలు. పిండి గోనె నేల మీదే ఉంది. మంచుకే చెమ్మ పట్టింది. వానొస్తే ఏం తింటామో దేవుడికి తెలియాలి.

మీ అన్నకి తెలిసిపోయింది. నేను గిల్లలేదు, చెప్పలేదు. లారీ తోలే షహాదా వచ్చి గుడారంలో కూర్చుని, "నీ బావ పడవలో దిగినవాళ్లనే నేను వాళ్ల ఊరు హడేరా దాకా ఎక్కించుకొచ్చాను నాయిఫ్" అన్నాడు, తనేదో గొప్ప పని చేసినట్టు. మీ అన్న వాణ్ణేమీ అనలేదు. నా వైపు తిరిగి, "సిమెంటా?" అన్నాడు. ఆ ఒక్క మాటే. అప్పట్నుంచి నాతో మాటల్లేవు.

ఇవాళ నన్ను కూర్చోబెట్టి రాయించాడు. చదవడం రాదు గానీ వేలు పెట్టి గీతలు లెక్కపెడుతున్నాడు, నేను ఎక్కువా తక్కువా రాయకుండా. అతని మాట ఇది:

"రస్మియ్యా, నీ మొగుడి రొట్టె మన ఇల్లు కూల్చిన రొట్టె. అది తినకు. వచ్చెయ్. నీ అన్న బతికే ఉన్నాడు. — నాయిఫ్."

అతను నీళ్లకి వెళ్లాడు. ఇక నా మాట.

నీకు తెలుసు, నాకు తెలుసు. నువ్వు అక్కడ గడప దాటితే నేను ఇక్కడ గడప దాటాలి. అసలు గడపే లేదు గానీ మీవాళ్లు నన్ను గుడారం దాటిస్తారు. పిల్ల తండ్రిది గనక పిల్ల ఇక్కడే ఉండిపోతుంది. హుస్నాకి ఏడో నెల. రాకు అని నేను బతిమాలను. బతిమాలడం మా ఇంటా వంటా లేదు. కానీ వచ్చేముందు ఒక్కసారి దాని పేరు తలుచుకో.

నా అన్నకి చెప్పు, వాడు చచ్చాడని అనుకుంటున్నానని.

బదియా

*

జాఫా
అక్టోబరు 25
(ఇది పోస్టులో వెయ్యను. పెట్టెలో, పిండి కింద పెడుతున్నాను.)

నా బదియాకి,

నెల రోజులు జవాబు రాయలేదు. నీకు కోపం వచ్చి ఉంటుంది. రాయడానికి మంచి మాట దొరికేదాకా రాయకూడదనుకున్నాను. ఇవాళ దొరికింది.

నీ ఉత్తరం చదివిన రోజు నేను ఏడవలేదు. కోపం వచ్చింది. పుట్టాక మొదటిసారి అంత కోపం వచ్చింది. ఇంగ్లీషువాడి మీద, బేరూత్ దొర మీద సరే. నీ మీదా వచ్చింది, మా అన్నయ్య మీదా వచ్చింది. మనల్ని అడిగి మార్చుకున్నారా వీళ్లు? సంతలో రెండు మేకల్ని మార్చుకున్నట్టు మార్చుకున్నారు. ఇప్పుడు ఒక మేక అరిస్తే రెండోదాన్ని తోలేస్తారట! మా అన్నయ్యది గాడిద పట్టు. నువ్వు "రాకు" అని ఒక్క మాట రాస్తే నీ వేలు అరిగిపోతుందా?

ఆ కోపం మీదే మీ అన్నయ్య దగ్గరికి వెళ్లాను. ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. నువ్వు చచ్చాడనుకుంటున్నానన్న మాట కూడా చదివాను. నీలా మార్చి చదవడం నాకు రాదు. తర్వాత కిటికీ కింద పెట్టెని చూపించి ఇలా అన్నాను: "పెళ్లి రోజు ఈ పెట్టెని లారీలోంచి మీరే వీపు మీద దించారు. ఇది ఏ గదిలోంచి వచ్చిందో ఆ గది ఇప్పుడు లేదు. మీరు వీపు మీద మోసే పెట్టెలు వెళ్లి దిగేది అక్కడే."

ఆయన లేచి ఆ పెట్టె మూత తీసి చూశాడు.

జెరూసలేంలో వలసలు ఆపమని తీసిన ఊరేగింపు మీద లాఠీలు ఝళిపించారు కదా, ఆడవాళ్లని కూడా చూడలేదట. అది విన్నాక రేవు మనుషులంతా కాఫీ కొట్టు దగ్గర చేరారు. మీ అన్నయ్యే లేచి చెప్పాడట, "సామాను దించుతాం, వలస మనుషుల్ని దించం. ఇంగ్లీషువాడికి వాళ్లు కావాలంటే తెడ్డు వాడే వెయ్యాలి" అని. తెడ్డు మీద చెయ్యేసి అందరూ ఒట్టు పెట్టుకున్నారు. ఎల్లుండి శుక్రవారం నమాజు కాగానే జాఫాలో పెద్ద ఊరేగింపు. రేవు వాళ్లే ముందు నడుస్తారట. టర్కీ టోపీల పెద్దమనుషులు కూడా వస్తారట. వాళ్లలో ఎవరి అన్నదమ్ములు ఎవరికి పొలం అమ్మారో మీ అన్నయ్య వేళ్ల మీద చెప్తున్నాడు. అయినా నడుస్తానన్నాడు.

కుట్టుమిషన్ ఆమె మాటేమిటని నేనే అడిగాను. "ఆమెని తలుచుకోకుండా ఉండలేను, మీ అన్న కన్ను తలుచుకోకుండానూ ఉండలేను. నన్నింకేమీ అడక్కు" అన్నాడు.

కాబట్టి నేను రావడం లేదు. నువ్వు హుస్నాని గట్టిగా పట్టుకుని పడుకో.

నీ పెట్టె మూత విరిగిందన్నావు కదా, నా పెట్టె పంపుతున్నాను. అందులో పిండి పోశాను. చెమ్మ తగలదు. మీ అమ్మ, "గోనె చాలదా, పెళ్లిపెట్టె ఎందుకే?" అంది. వాన గోనెని ఆగమంటే ఆగుతుందా? లారీ షహాదాతో మాట్లాడాలంటే నాకు నోరు రాలేదు. తలుపు వెనక నుంచి "నాయిఫ్ గుడారానికి" అని మాత్రం అన్నాను. ఉత్తరం విడిగా పంపితే ముందు అన్నయ్య చేతిలో పడుతుంది, గాడిద పట్టు అన్నది రోడ్డున పోయేవాళ్లెవరైనా చదివిపెడతారు. పిండిలో చెయ్యి పెట్టేది నువ్వొక్కదానివే.

నీ రస్మియ్యా

*

లుద్, మా పిన్ని ఇల్లు
అక్టోబరు 30

నువ్వెక్కడున్నావో తెలియదు. మా అమ్మ ఇంటికే రాస్తున్నాను, చేరితే చేరుతుంది.

పెట్టె చేరింది, రస్మియ్యా. నీ కడుపు చల్లబడిందా?

గురువారం మధ్యాహ్నం షహాదా దాన్ని దించి, "రస్మియ్యా పెట్టె" అని అరిచాడు. పదకొండు గుడారాల వాళ్లూ బయటికి వచ్చారు. పల్లెలో పుట్టినదానివి, పెళ్లిపెట్టె పుట్టింటికి తిరిగొస్తే దాని అర్థం ఏమిటో నీకు నేను చెప్పాలా? నీ అన్న తాడు కూడా విప్పలేదు. దాని చుట్టూ ఒకసారి తిరిగి, "నా చెల్లెలు గడప దాటింది" అన్నాడు. ఊరిపెద్ద హాజీ సలామా, "మనిషి రాకుండా పెట్టె ఒక్కటే రావడమేమిటి, రెండు రోజులు ఆగు నాయిఫ్" అన్నాడు. "పెట్టె వచ్చాక మనిషి రాదా?" అన్నాడు నీ అన్న.

శుక్రవారం పొద్దున అదే లారీ ఎక్కించాడు. హుస్నా పాలు తాగుతోంది. అలాగే నా దగ్గర్నుంచి తీసుకున్నాడు. ముఖం పక్కకి తిప్పుకున్నాడు, అది చూశాను. తిప్పుకుంటే మాత్రం ఏం? తీసుకున్నాడుగా!

"ఒక్క మాటన్నా రాసిందా?" అని అరిచాను లారీ మీంచి.

"పెట్టే మాట" అన్నాడు.

జాఫాలో కాల్పులని దారిలోనే తెలిసింది. షహాదా లారీని లుద్ వైపు తిప్పి నన్ను మా పిన్ని గుమ్మంలో వదిలేశాడు. ఇక్కడా కొట్లన్నీ మూతే. మూడు రోజులుగా పాలు పిండి గోడకి పోస్తున్నాను. ఒళ్లంతా జ్వరం. గోడకి పోసినప్పుడల్లా నీ పేరే తిట్టుకుంటున్నాను.

వలస వచ్చినవాడు నా ఇల్లు తీసుకున్నాడు. నా పిల్లని మాత్రం నువ్వు తీసుకున్నావు.

ఇది చదివాక కూడా నన్ను వదినా అనకు.

బదియా

*

జాఫా
నవంబరు 4

వదినా,

అంటాను. నువ్వు వద్దన్నా అంటాను.

నేను ఎక్కడికీ వెళ్లలేదు. పెట్టెలో ఉన్నది పిండి. పిండి కింద ఉత్తరం. నీ పెట్టె విరిగిందని నా పెట్టె పంపాను, అంతే. పల్లెలో పుట్టినదాన్నే గానీ ఆ రోజు నాకు అది తట్టలేదు. ఎందుకంటే వెళ్లిపోవాలన్న ఆలోచన లేని రోజు నాకు అదొక్కటే. సిగ్గుపడి దాచుకున్న ఒక్క ఉత్తరానికి నీ ఒడి ఖాళీ అయింది. నన్ను తిట్టు. తర్వాత ఇది కూడా చదువు.

శుక్రవారం మేం మేడ మీదున్నాం. మసీదు నుంచి జనం వచ్చారు. ముందు వరసలో రేవు వాళ్లు, చేతిలో ఏమీ లేదు. మీ అన్నయ్య తెల్లచొక్కా వేసుకున్నాడు, నేనే ఉతికాను. లాఠీలు వచ్చాయి, రాళ్లు లేచాయి, తర్వాత తుపాకులు. ఎంతమంది పోయారో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు. మా వీధిలోనే రెండు ఇళ్లలో ఏడుపులు. బయటికి రాకూడదని ఆజ్ఞ వేశారు. పోయినవాళ్ల కోసం ఏడవాలన్నా కిటికీ మూసుకుని ఏడవాలి!

మీ అన్నయ్య బతికే ఉన్నాడు. చచ్చాడనుకుంటున్నానని రాశావు కదా, నీ నోటి మాట ఫలించలేదు. కుడి అరచేతిలోంచి తూటా పోయింది. రెండు వేళ్లు తీసేశారు. కట్టు కట్టి, ఆస్పత్రి నుంచే తిన్నగా జైలుకి తీసుకుపోయారు. అల్లరి చేశాడట. సగం రోజు నిలబడితే నన్ను చూడనిచ్చారు.

"తెడ్డు పట్టే చెయ్యి పోయింది. ఇక నన్నెవరూ తెడ్డు వెయ్యమనరు" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. ఆ కుర్చీ దొరకి వేళ్లు పదీ ఉన్నాయి. హైఫాలో కొత్త రేవు తెరిచారట. ఓడ తిన్నగా గోడకే ఆనుతుందట, పడవలతో పనే లేదట. మావాళ్లు తెడ్ల మీద ఒట్టు పెట్టుకుంటే వాళ్లు తెడ్లే అక్కర్లేకుండా చేసుకున్నారు.

నీ ఉత్తరం ఇవాళే అందింది. రేపు లారీలు తిరుగుతాయట. మీ అమ్మ జైలుకి అన్నం పట్టుకెళ్లాలి, రాలేదు. నేనొక్కదాన్నే గుడారాలకి వెళ్తున్నాను. షహాదాతో నేనే మాట్లాడాను, తలుపు ముందు నిలబడి.

పాలు గోడకి పోయకు. ఎవరి పిల్లకైనా ఇవ్వు. రొమ్ము ఎండనివ్వకు.

రస్మియ్యా

*

గుడారాలు
నవంబరు 7

వదినా,

ఈ ఉత్తరం నీ చేతికిస్తున్న మనిషి మా అన్నయ్య. అతని భుజం మీదున్నది నీ కూతురు. ముందు కూతుర్ని తీసుకో. పక్క గుడారం ఫిద్దా తన పిల్లతో పాటు పాలిచ్చింది, బాగానే ఉంది. అన్నయ్యని లోపలికి రానివ్వాలో వద్దో నీ ఇష్టం. ఇది చదివేదాకా బయట నిలబెట్టు.

నేను లారీ దిగగానే అమ్మ, "వచ్చేశావా తల్లీ" అని పట్టుకుని ఏడ్చింది. అన్నయ్య నా వెనక సామానుందేమోనని చూశాడు. "పెట్టె ముందే వచ్చిందిగా" అన్నాడు. పెట్టె గుడారం మూలనే ఉంది, కట్టిన తాడు కట్టినట్టే. శనివారం వాన పడిందట. పక్కనే గోనెలో పిండి తడిసి ముద్దయిపోయింది. తడిపిండి బయట, పొడిపిండి లోపల, మధ్యలో మా అన్నయ్య పరువు.

జాఫా సంగతులు వినడానికి మగవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. అమ్మ కాఫీ ఇచ్చింది. నేను కప్పు నేల మీద పెట్టేశాను.

మగవాళ్లు పెద్ద కోరిక అడగడానికి వచ్చినప్పుడు, ఒప్పుకునేదాకా తాగం అని అలా చేస్తారు కదా. ఆడది చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. వాళ్లూ చూసినట్టు లేదు.

"తాగు" అన్నాడు అన్నయ్య.

"తాగను."

"ఇది నీ ఇల్లు. నా దగ్గర ఈ నాటకాలేమిటి?"

"నా ఇల్లు జాఫాలో ఉంది. నేను చుట్టంగా వచ్చాను. పెట్టె విప్పు."

"ఎందుకు?"

"విప్పు."

హాజీ సలామా మీసం నిమురుకుంటూ, "కాఫీ చల్లారిపోతోంది నాయిఫ్, విప్పరాదూ?" అన్నాడు.

అన్నయ్య తాడు కోశాడు. మూత తీశాడు. అందరి ముందూ పిండి. మోచేతి దాకా చెయ్యి పెట్టమన్నాను. తెల్లటి చేత్తో కాగితం తీసి నాకిచ్చాడు. నేను నిలబడి చదివాను. వదినా, అంతమంది మగవాళ్ల ముందు! మొదటి అక్షరం నుంచి ఆఖరిదాకా చదివాను. మేకల మాట చదివాను. గాడిద పట్టు అన్నది కూడా చదివాను. హాజీ సలామా పొగ పీలుస్తున్నవాడు పొరబోయి దగ్గాడు. ఎవరో నవ్వారు. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి.

తర్వాత మీ అన్నయ్య వేళ్ల సంగతి చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి.

"ఏ చెయ్యి?" అన్నాడు అన్నయ్య.

"కుడి."

అతను తన పిండి చెయ్యి కేసి చూసుకున్నాడు.

అప్పుడు నాలో ఉన్నదంతా బయటికి వచ్చేసింది. "నేల అమ్మినవాడు బేరూత్‌లో భోంచేస్తున్నాడు. ముద్ర కొట్టినవాడు కుర్చీలో ఉన్నాడు. తుపాకీ పేల్చమన్నవాడికి పతకం ఇస్తారేమో. వాళ్లలో ఒక్కడి మీదా నీ చెయ్యి పడలేదు అన్నయ్యా. తుపాకులున్నాయి, పడదు, నాకు తెలుసు. కానీ పాలిచ్చే ఆడదాన్ని లారీ ఎక్కించడానికి నీకు ఎవడి ముద్రా అక్కర్లేకపోయింది! మనల్ని ఇల్లు ఖాళీ చేయించినవాడు కాగితమైనా చూపించాడు. నువ్వు ఆమెకి అదీ చూపించలేదు. కాగితం పిండిలో ఉంది, నువ్వు తాడు విప్పలేదు."

అమ్మ నా కొంగు లాగుతోంది. నేను ఆగలేదు.

"కుండమార్పిడి ఇవాళ్టితో తెగిపోయింది. నేను మొగుడితో పోట్లాడితే అది నా పోట్లాట. నువ్వు పెళ్లాంతో పోట్లాడితే అది నీది. ఒకరి ఉసురు ఇంకొకరికి కట్టకండి. ఒప్పుకుంటే కాఫీ తాగుతాను. లేకపోతే ఈ కప్పు ఇక్కడే ఉంటుంది, నేను ఇలాగే నిలబడతాను."

చాలాసేపు నిలబడ్డాను. కాలు తిమ్మిరెక్కింది. చివరికి అన్నయ్య లేచి ఫిద్దా గుడారంలోంచి హుస్నాని తెచ్చాడు.

"లుద్‌కి నేనే వెళ్తాను. ఎవరినీ పంపను, నేనే వెళ్లి అడుగుతాను. తాగి చావు" అన్నాడు.

తాగాను. చల్లగా, చేదుగా ఉంది.

అతను నీకు చెప్పుకోలేడు గనక నేను చెప్తున్నాను. నువ్వు వెళ్లిన రోజు నుంచి అతను నీ విరిగిన పెట్టె మూతకి మేకులు కొడుతూ కూర్చున్నాడట. రెండు ముక్కలూ అతుక్కోలేదు. ఇంకా కొడుతూనే ఉన్నాడని అమ్మ చెప్పింది. వెంటనే క్షమించమని నేననను. నీ నోరు నీకుంది, వాడుకో.

మన నేల తిరిగి రాలేదు. వాగు అవతల వాళ్ల కొత్త ఇళ్ల చెక్కలు కనిపిస్తున్నాయి. పొద్దున నీళ్లకి వెళ్తే ఒకామె అటువైపు గట్టున బట్టలు ఉతుకుతోంది. కుట్టుమిషన్ ఆమేనేమో, ఎవరో. తల ఎత్తి చూసింది, నేనూ చూశాను. నేను ముందు తల తిప్పుకోలేదు.

సాయంత్రం లారీకి జాఫా వెళ్తున్నాను. గురువారం జైల్లో చూడనిస్తారు. ఆయనకి ఎడమ చేత్తో అన్నం తినడం ఇంకా రాదు.

పెట్టె ఇక్కడే వదిలాను. పిండి అందులోనే ఉండాలి, వానలు ఇంకా ముందున్నాయి. సబ్బు వాసన పోయి పిండి వాసన వస్తోంది, పోనీ. ఇక నేనెంత అలిగినా పుట్టింటికి పంపడానికి నా దగ్గర పెట్టె లేదు. నాకు కోపం వస్తే ఆ ఇంట్లోనే నిలబడి అరవాలి.

అరవడం ఇప్పుడు వచ్చింది.

నీ వదిన,
రస్మియ్యా